పిన్ని ఏమంటోంది

ఫిబ్రవరి 9

ఈ రోజు కాన్పుల గదిలో పిన్ని తెలుగులో మాట్లాడింది.

తొలి కాన్పు పిల్ల. నొప్పులకు తట్టుకోలేక మంచం ఊచ పట్టుకుని గిలగిలలాడుతోంది. పిన్ని ఆమె నడుం నిమురుతూ, "ఊపిరి బిగబట్టకమ్మా, వదులు, మెల్లగా వదులు" అంది. ఆ పిల్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అదేదో ప్రార్థన అనుకుని చేతులు జోడించింది. హెడ్ నర్సు నా వైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను. మమ్మల్ని చూసి పిన్నీ నవ్వింది గానీ, ఎందుకు నవ్వుతున్నామో తనకు తెలిసినట్టు లేదు.

ఈ దేశం వచ్చి యాభై ఏళ్ళు దాటింది. ఇక్కడి భాష ఇక్కడివాళ్ళకంటే గట్టిగా మాట్లాడుతుంది, తిట్టడమైతే మరీను. నాతో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే ఉన్నప్పుడు, అదీ మఠం వంటింట్లో. వార్డులో ఏనాడూ లేదు. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకసారి రోగి మంచం దగ్గర "పిన్నీ, దూది" అన్నందుకు పక్కకు పిలిచి చీవాట్లు పెట్టింది. "తెలియని భాషలో గుసగుసలాడితే వాళ్ళు చచ్చిపోతున్నామేమో అనుకుంటారే. ఇక్కడ నేను నీకు పిన్నిని కాదు, సిస్టర్ని" అంది.

వయసు. అలసట. నిన్నంతా నిలబడే ఉంది.

ఫిబ్రవరి 10

పిన్ని బాగానే ఉంది. పొద్దున డ్రైవర్‌ను ఇక్కడి భాషలోనే తిట్టింది.

ఫిబ్రవరి 21

మా మఠాలన్నిటికీ పెద్ద, ప్రొవిన్షియల్ మదర్, మన దేశం నుంచి ఫోన్ చేశారు. ముందు పిన్ని ఆరోగ్యం అడిగారు, తర్వాత నా ఆరోగ్యం అడిగారు. ఆ వరస చూసే నాకు అర్థమైపోయింది.

ఈ మఠం మూసేస్తున్నారు. ఆసుపత్రిని ఇక్కడి ప్రభుత్వానికి అప్పగించాలి. మేమిద్దరం వచ్చెయ్యాలి.

"పంపడానికి ఎవరున్నారు సిస్టర్, మీరే చెప్పండి" అన్నారు మదర్. "సిస్టర్ అవుదామని ఈ ఏడు నవీషియేట్‌లో చేరింది ఒక్క పిల్ల. దానికీ ఆస్తమా."

ఆమె తప్పేం లేదు. మొదట ఇక్కడికి వచ్చింది వేరే దేశపు సిస్టర్లు. రేకుల షెడ్డులో నాలుగు మంచాలు వేసి మొదలుపెట్టారట. వాళ్ళలో చాలామంది జ్వరాలకు ఇక్కడే పోయారు, ప్రార్థనాలయం వెనక వరసగా ఉన్నారు. వాళ్ళ దేశంలో మఠాలకు పిల్లలు రావడం ఆగిపోయాక మావాళ్ళను అడిగారు. పిన్ని జట్టు ఓడలో వచ్చింది. దిగిన వారానికే కలరా వచ్చిందట, పెట్టెలు విప్పుకునే తీరిక కూడా లేకపోయిందని నవ్వుతూ చెప్పేది. ఆ జట్టులో ఇద్దరు ఆ వెనక వరసలోనే ఉన్నారు. ఆ తర్వాత మేం విమానంలో వచ్చాం. ఇప్పుడు మా దగ్గరా పిల్లలు లేరు. మా తర్వాత ఇంకెవరినైనా అడుగుతారా అంటే, అడగరు.

పిన్నికి ఎలా చెప్పాలి? ఈ కాన్పుల వార్డు కట్టించింది ఆమె. ఇటుకలు మోసింది కూడా.

మదర్‌కు మాత్రం "సరే" అన్నాను. విధేయత వ్రతం పట్టింది అందుకే కదా.

ఫిబ్రవరి 25

చెప్పాను. విని, "మంచిది. సామాన్లు సర్దుకో" అంది. ఇంత తేలిగ్గా తీసుకుంటుందనుకోలేదు. పెద్ద మనసు.

మార్చి 4

పిన్ని ఇక్కడి భాష మర్చిపోతోంది. ఇక దాచుకుని లాభం లేదు, కనీసం ఇక్కడైనా రాయాలి. వారం నుంచి మాట మాటకీ తెలుగే వస్తోంది. ముందు చిన్న చిన్న పదాలు పోయాయి, ఆ తర్వాత పేర్లు. ఈ రోజు పొద్దున పూజలో అందరూ పరలోక జపం చెప్తుంటే తను ఒక్కతే తెలుగులో చెప్పింది, గట్టిగా. ఫాదర్ కాసేపు ఆగి, ఆమె ముగించాక మొదలుపెట్టారు. మంచివాడు.

డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు ఆమె మొహం చూసి, "ముసలితనంలో కొందరికి ఇలా అవుతుంది. చివర నేర్చుకున్నది ముందు పోతుంది, అమ్మ దగ్గర నేర్చుకున్నది మిగులుతుంది" అన్నాడు. మందు లేదా అని అడగలేదు. నేనూ నర్సునే.

మధ్యాహ్నం హెడ్ నర్సు గంజి తెచ్చింది. ఈమె పిన్ని చేతుల్లో పుట్టింది. తల్లి ఆ కాన్పులోనే పోయింది. పెంచింది నాయనమ్మే అయినా, బడి వదలగానే వార్డుకే వచ్చి కూర్చునేదట. పిన్నే చదివించింది, పిన్నే నర్సును చేసింది. ఊరంతా పెద్ద సిస్టర్ అంటే ఈమె ఒక్కతే అమ్మ అంటుంది. పిన్ని గిన్నె అందుకుని, ఆమెను ఎగాదిగా చూసి నాతో అంది: "ఎవరే ఈ అమ్మాయి? ఎవరి తాలూకు?"

"అమ్మ ఏమంటోంది?" అని అడిగింది హెడ్ నర్సు.

"నువ్వు తిన్నావా అంటోంది" అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. "తిన్నానమ్మా" అని పిన్ని పక్కనే కూర్చుంది.

ఒక్క మాటే కదా.

మార్చి 11

ఒక్క మాటతో ఆగలేదు. పిన్నికి ఒంట్లో బాగాలేదని ఊళ్ళో తెలిసిపోయింది. ఆడవాళ్ళు గుంపులుగా వస్తున్నారు, చంకల్లో పిల్లలు, కొందరికి మనవలు. "నేనూ నీ దగ్గరే పుట్టాను, వీడూ నీ దగ్గరే పుట్టాడు" అంటూ వాళ్ళను ఆమె ఒళ్ళో కూర్చోబెడుతున్నారు. పిన్ని వాళ్ళ చేతులు పట్టుకుని, "నన్ను ఇంటికి పంపించండమ్మా, మీకు పుణ్యముంటుంది. మా అమ్మ ఎదురుచూస్తుంటుంది" అంటోంది.

"పెద్ద సిస్టర్ ఏమంటోంది?"

"మీ పిల్లలు చల్లగా ఉండాలంటోంది."

కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళారు. నేను వాళ్ళకు టీ కూడా ఇచ్చాను.

మార్చి 12

"మీ ఇల్లు నిండుగా ఉండాలంటోంది." "మిమ్మల్ని రోజూ తలుచుకుంటోంది." "నువ్వు అచ్చం మీ అమ్మలా ఉన్నావంటోంది." ఇవన్నీ ఈ ఒక్క రోజే. నాకు ఇంత కల్పనాశక్తి ఉందని తెలియదు.

మార్చి 16

పిన్ని నా కన్నుగప్పి వార్డులోకి వెళ్ళింది. నేను చేరేసరికి ఒక గర్భిణి పొట్ట మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. ఆ చేతులు మాత్రం ఏమీ మర్చిపోలేదు, తల ఎక్కడుందో, వీపు ఎటుందో ఎప్పటిలాగే వెతుకుతున్నాయి. నేను మురిసిపోయి చూస్తుంటే నా వైపు తిరిగి, "బిడ్డ కదలడం లేదే" అంది.

హెడ్ నర్సును పిలిచి గుండె చప్పుడు వినమన్నాను. ఆమె విని, మళ్ళీ విని, తల ఊపింది. బిడ్డ గుండె గుర్రం పరిగెత్తినట్టుంది. డాక్టరు వచ్చి చూశాడు. ఏ ఇబ్బందీ లేదు.

పిన్ని పొరబడింది. పొట్ట మీద చెయ్యి వేసి పిన్ని పొరబడడం నేను చూడలేదు ఇంతవరకూ.

"పెద్ద సిస్టర్ ఏమంది? ఎందుకు అందరూ వచ్చారు?" అని ఆ అమ్మాయి వణుకుతూ అడిగింది.

"ఆడపిల్ల అంది" అన్నాను.

సాయంత్రం డాక్టరు, హెడ్ నర్సు, నేను మాట్లాడుకున్నాం. వార్డు తలుపుకు గడియ పెట్టించాలని నా నోటితోనే అన్నాను. వడ్రంగి వచ్చి పైన, పిన్ని చెయ్యి అందనంత ఎత్తులో బిగించాడు. పిన్ని పక్కనే నిలబడి చూసింది. "గట్టిగా కొట్టు నాయనా" అని కూడా అంది.

మార్చి 19

ఆ అమ్మాయికి మగపిల్లాడు. పెద్ద సిస్టర్ తప్పు చెప్పడం ఇదే మొదటిసారని వార్డంతా నవ్వులు. తప్పు ఎవరిదో నాకు తెలుసు.

మార్చి 27

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు.

పొద్దున తల దువ్వుతుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "అక్కా" అంది. అమ్మ అనుకుంది నన్ను. నాకు అమ్మ పోలికలు బాగా వచ్చాయని అందరూ అంటారు, ఈ వయసులో మరీను. సరదాగానే "ఏంటే" అన్నాను.

"నాన్నతో నువ్వు చెప్పవే అక్కా. నేను వెళ్ళనని చెప్పవే. మఠంలో ఉంటానన్నాను గానీ సముద్రం దాటిపోతానన్నానా? నీ మాటైతే వింటాడు. నాకు భయంగా ఉందే."

మా ఇంట్లో ఈ కథ వేరేగా ఉంది. పిన్ని ఓడ మెట్లు ఎక్కుతూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదట. రేవులో తాతయ్య, అమ్మ, ఫాదర్లు, ఊరి జనం, అందరూ చూస్తుండగా తలెత్తుకుని ఎక్కేసిందట. ఎంత గుండె ధైర్యమో అని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. నేను మఠంలో చేరుతానన్నది ఆ మాట వినీ వినీనే. ఆ మెట్ల మీద నన్ను నేను ఊహించుకుంటూ పెరిగాను.

"నువ్వు వెనక్కి కూడా తిరగలేదట కదే" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"తిరిగితే దిగిపోయేదాన్నే అక్కా" అంది.

దువ్వెన నా చేతిలోనే ఉంది. కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గొంతు మారింది, పెద్దదాని గొంతు. సెలవు మీద ఇంటికి వచ్చినప్పటి పిన్ని అనుకుంటాను.

"అక్కా, నీ చిన్నదాన్ని మాత్రం పంపకే. అది నన్ను చూసి, ఈ తెల్లబట్టలు చూసి మురిసిపోతోంది. నాకు చెప్పే మొహం లేదు. నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే అది వచ్చేస్తుంది అక్కా."

చిన్నదాన్ని నేనే.

అమ్మ నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. కొత్త సూట్‌కేసు కొనిచ్చింది. అమ్మ పోయి కూడా చాలా కాలమైంది, ఇప్పుడు ఎవరిని అడగను?

నేను ఇక్కడ దిగిన రోజు విమానాశ్రయంలో పిన్ని నన్ను కావిలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషం అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా అలాగే అనుకున్నాను.

మార్చి 28

వార్డు రద్దీగా ఉంది.

మార్చి 30

వార్డు రద్దీగా ఉంది. పిన్ని దగ్గర హెడ్ నర్సు కూర్చుంటోంది. నాకంటే ఆమెకే ఓపిక ఎక్కువ.

ఏప్రిల్ 3

అప్పగింత పనులు. మందుల గది, పరికరాలు, జనరేటరు. ప్రభుత్వం వాళ్ళు రేపోమాపో వస్తారు కాబట్టి అన్నీ నేనే దగ్గరుండి చూసుకోవాలి. పిన్ని గదికి వెళ్ళే తీరిక దొరకలేదు. గది ఎదురుగానే నాలుగైదు సార్లు నడిచాను, లోపలినుంచి మాటలు వినపడ్డాయి. క్షేమంగానే ఉంది.

ఏప్రిల్ 5

చెప్పి ఉంటే వినేదాన్ని కదా, రాకపోయి ఉండేదాన్ని కదా అని కాదు నా బాధ. నాకు వేరే బాధ ఏమీ లేదు కూడా. పని ఎక్కువైంది.

ఏప్రిల్ 14

హెడ్ నర్సు నన్ను వరండాలో ఆపింది.

"సిస్టర్, ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. 'ఎవరు నువ్వు' అంటే ఏంటి?"

ఆ మాట ఆమె నోట తెలుగులో, పిన్ని యాసతోనే వచ్చింది.

"ఎక్కడ విన్నావు?"

"అమ్మ నేను వెళ్ళిన ప్రతిసారీ అంటుంది. తిన్నావా అని అర్థమేమో అనుకున్నాను, మీరు అలాగే చెప్పారు కదా. కానీ డాక్టరు వచ్చినా అదే అంటోంది, ఊడ్చే ఆవిడ వచ్చినా అదే అంటోంది. డాక్టరును ఎవరూ రోజుకు మూడుసార్లు తిన్నావా అని అడగరు."

తప్పించుకోవడానికి ఏదో ఒకటి నోటిదాకా వచ్చింది. ఆమె నా కళ్ళల్లోకే చూస్తోంది.

"ఎవరు నువ్వు అని అర్థం" అన్నాను. ఇక్కడి భాషలో, ఉన్నదున్నట్టు.

ఆమె కాసేపు వరండా గోడకు ఆనుకుంది. ఆమె ఏడుస్తుందేమో, నన్ను తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా పడాలి. ఆమె మాత్రం ముక్కు తుడుచుకుని, "అలా అయితే జవాబు నేర్పించండి" అంది.

"ఏమని?"

"నేను నీ దగ్గర పుట్టాను అని. అంతే చాలు."

నేర్పించాను. వరండాలో నిలబడి, బడిపిల్లలా, పది పదిహేనుసార్లు చెప్పించుకుంది. 'పుట్టాను' దగ్గర నాలుక తిరగలేదు. ఆ తర్వాత లోపలికి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను.

"ఎవరు నువ్వు?"

"నేను నీ దగ్గర పుట్టాను."

పిన్ని చాలాసేపు ఆమె మొహం చూసింది. "అవునా? ఏడ్చావా పుట్టగానే?" అంది. హెడ్ నర్సు నా వైపు చూసింది. నేను అర్థం చెప్పాను, సరైన అర్థం. ఆమె తల ఊపింది. పిన్ని, "అయితే బతుకుతావులే" అని ఆమె చెంప తట్టింది.

ఏప్రిల్ 22

పిన్నిని తీసుకుని మే నెలలో బయలుదేరతానని మదర్‌కు చెప్పేశాను. డాక్టరు కూడా ఇప్పుడైతే ప్రయాణం చెయ్యగలదన్నాడు. నిజానికి జూలై వరకూ గడువుంది. కానీ ఎందుకు ఉండాలి? రోజంతా ఇంటికి ఇంటికి అంటోంది. ఇష్టం లేని చోట ఇన్నేళ్ళు ఉంచారు, ఇప్పటికైనా తీసుకెళ్తే సరి.

దుప్పట్ల గదిలో మడతలు పెడుతున్న హెడ్ నర్సుకు చెప్పాను. ఆమె మడత ఆపలేదు.

"ఏ ఇంటికి?" అంది.

"మా ఇంటికి. మా దేశానికి."

"అమ్మ వాళ్ళ నాన్న ఉన్నాడా?"

"లేడు."

"అక్క?"

"లేదు. ఆవిడ మా అమ్మ. పోయింది."

"ఆ ఇల్లు ఉందా?"

"అమ్మేశారు. ముసలి సిస్టర్ల మఠం ఉంది, అక్కడ బాగా చూసుకుంటారు."

"అంటే ఇంటికి ఇంటికి అనే మనిషిని ఎవరిదో ఇంటికి తీసుకెళ్తారు. అక్కడికెళ్ళాక కూడా ఇంటికి అనే అంటుంది సిస్టర్. ఇక్కడైతే అనేటప్పుడు చెయ్యి పట్టుకోవడానికి మేమున్నాం."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఆమె మీదే వచ్చింది.

"నీకు తెలియదు. ఆవిడకు ఇక్కడికి రావడమే ఇష్టం లేదు. బలవంతాన పంపారు. మీరంతా నా దగ్గర పుట్టాం నా దగ్గర పుట్టాం అంటారే, ఆవిడకు ఇష్టం లేకుండా పుట్టారు మీరంతా."

అన్నాను. ఆ మాటే అన్నాను. నోరు జారడం కాదు, నొప్పి కలగాలనే అన్నాను.

ఆమె చేతిలోని దుప్పటిని మడతపెట్టి, దొంతర మీద పెట్టి, అంచులు సరిచేసింది.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"ఇష్టం లేకుండా వచ్చిందని. అమ్మే చెప్పింది, నేను ట్రైనింగులో ఉన్నప్పుడు. నా చేతుల్లో ఒక బిడ్డ పోయింది. ఈ పని నావల్ల కాదు, వెళ్ళిపోతానన్నాను. అమ్మ నన్ను ఈ గదిలోకే లాక్కొచ్చి తలుపు వేసింది. 'రెండేళ్ళు రోజూ ఈ గదిలోనే ఏడ్చాను. ఈ దుప్పట్ల మధ్య ఏడిస్తే బయటికి వినపడదు. నువ్వూ ఏడువు. తర్వాత మొహం కడుక్కుని వార్డుకు రా' అంది. మా జట్టులో ఎవరు వెళ్ళిపోతానన్నా ఇదే చెప్పేది. మాకందరికీ తెలుసు." ఆమె ఇంకో దుప్పటి తీసుకుంది. "మీకు చెప్పలేదా?"

లేదన్నట్టు తల ఊపాను.

"మీకు చెప్తే మీరు వెళ్ళిపోతారని భయపడి ఉంటుంది. ఆ రెండేళ్ళ తర్వాతా అప్పుడప్పుడూ ఏడ్చేదట, మీరు వచ్చాక మాత్రం ఏడవడానికి మళ్ళీ ఎప్పుడూ ఈ గదిలో తలుపు వేసుకోలేదు, అదీ చెప్పింది."

నా చేతికి దుప్పటి రెండో అంచు ఇచ్చింది. ఇద్దరం మడతపెట్టాం.

ఆమె వెళ్ళాక కాసేపు ఆ గదిలోనే ఉన్నాను. దుప్పట్లు చూసుకోవాలి కదా, అప్పగింతకు.

ఏప్రిల్ 23

పిన్ని తల నేనే దువ్వాను. జుట్టు ఎంత పల్చబడిందో. నెల రోజుల్లో ఇంతగానా?

ఏప్రిల్ 29

మదర్‌కు ఫోన్ చేసి మే ప్రయాణం వద్దన్నాను. గడువు వరకూ ఉంటామన్నాను. ఆమె నిట్టూర్చి, "మీ ఇష్టం సిస్టర్, కానీ జూలై దాటితే నా చేతుల్లో లేదు" అన్నారు. జూలైలో పిన్నిని ఏం చెయ్యాలో అప్పుడు చూద్దాం.

మే 8

పిన్నికి దగ్గు.

మే 10

జ్వరం. ఎడమ ఊపిరితిత్తి అడుగున నెమ్ము. డాక్టరు విని చెవిగొట్టం మెడలో వేసుకుని నా వైపు చూడకుండా మందు రాశాడు. నేనూ విన్నాను. మంచం వార్డులోకి మార్పించాం, ఆక్సిజన్ అక్కడే ఉంది కాబట్టి. వడ్రంగి బిగించిన గడియ హెడ్ నర్సు ఊడదీయించింది. పిన్ని మంచం చక్రాల మీద లోపలికి వెళ్తుంటే కాన్పులైన ఆడవాళ్ళంతా లేచి కూర్చున్నారు. పిల్లల ఏడుపు వినపడగానే పిన్ని కళ్ళు తెరిచింది. "ఎవరో పాలు పట్టడం లేదు, చూడవే" అంది నాతో.

"ఏమంటోంది?" అని పక్క మంచం అమ్మాయి అడిగింది.

"బిడ్డకు పాలు పట్టమంటోంది" అన్నాను. ఉన్నదున్నట్టు చెప్పడం ఇంత సుఖంగా ఉంటుందని మర్చిపోయాను. ఆ అమ్మాయి గాభరాగా బిడ్డను ఎత్తుకుంది.

మే 13

ఫాదర్ చివరి ఘడియల్లో ఇచ్చే అవస్థ అభ్యంగనం ఇచ్చారు. నుదుటికీ అరచేతులకూ నూనె రాస్తుంటే పిన్ని చేతులు వెనక్కి లాక్కుంది. "కడుక్కుని వచ్చావా?" అని అడిగింది. అర్థం చెప్పాను. ఫాదర్ వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ రాశారు.

మే 15

సాయంత్రం ఎండ ఇంకా కిటికీలో ఉంది. పిన్నికి ఆయాసం ఎక్కువైంది. తలగడలు ఎత్తుగా పెట్టి పట్టుకుని కూర్చున్నాను. కళ్ళు తెరిచి, "అక్కా" అంది.

"ఊఁ."

"చెప్పావా దానికి?"

ఎవరికి అని అడగనక్కర్లేదు.

"పంపకే అక్కా. అక్కడ ఎవరూ ఉండరు దానికి. రాత్రుళ్ళు ఏడిస్తే ఎవరూ లేవరు. పంపనని చెప్పు. నీకు దణ్ణం పెడతానే."

నిజంగానే రెండు చేతులూ కలపబోయింది, సెలైన్ గొట్టం అడ్డొచ్చింది. ఆ చేతులు పట్టుకున్నాను. ముప్పై ఏళ్ళు ఈ మనిషి పక్కనే ఉన్నాను. ఈమె లేస్తే లేచాను, ఈమె వెనకే నడిచాను. నేను రాకపోయి ఉంటే ఈ చేతుల్ని ఇప్పుడు ఎవరు పట్టుకునేవారు? అది చెప్దామనుకున్నాను. పిన్నీ, నేను వచ్చాను, ఇదిగో ఇక్కడే ఉన్నాను, నాకేం కాలేదు అందామనుకున్నాను. కానీ ఆమె అడుగుతున్నది నన్ను కాదు.

"పంపనులే" అన్నాను. అమ్మ గొంతుతో. "నా దగ్గరే ఉంచుకుంటాను. ఎక్కడికీ పంపను. నువ్వు పడుకో."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆమె మొహంలో ముడతలన్నీ ఒక్కసారిగా వదులయ్యాయి. అంత హాయి ఆ మొహంలో నేను చూడలేదు. నా చెయ్యి వదిలేసి పక్కకు ఒత్తిగిలి పడుకుంది.

హెడ్ నర్సు మంచానికి అటువైపు నిలబడి ఉంది. ఏమంది అని అడగలేదు.

మే 17

పిన్ని పోయింది. మధ్యాహ్నం, వార్డులో భోజనాల గిన్నెలు సర్దుతుండగా. ఊపిరి దూరం దూరంగా వచ్చి ఆగిపోయింది. నేను కుడి చెయ్యి, హెడ్ నర్సు ఎడమ చెయ్యి. అదే సమయానికి అవతలి గదిలో కాన్పు జరుగుతోందని పిలుపు వచ్చింది. ఆమె నా వైపు చూసింది. నేను వెళ్ళాను. అది ఆగే పని కాదు. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది.

మే 19

ప్రార్థనాలయం వెనక వరసలో, తన జట్టు ఇద్దరి పక్కన. ఊరు ఊరంతా వచ్చింది. ఫాదర్ నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. పెద్ద సిస్టర్ చివరి రోజుల్లో ఏమందో చెప్పమని జనం అడుగుతున్నారట.

నిలబడ్డాను. దీవించిందని చెప్పవచ్చు. చాలామంది అదే వినడానికి వచ్చారు.

"ఇంటికి వెళ్తానని ఏడ్చింది" అన్నాను. "ఇక్కడికి వచ్చినప్పుడు కూడా ఏడ్చింది. అయినా ఒక్కరోజు కూడా పనికి రాకుండా ఉండలేదు."

వెనకనుంచి ఒక ముసలావిడ, "మాకు తెలుసమ్మా, మొహం ఉబ్బి ఉండేది" అంది. ఇంకెవరో అవునన్నారు. వాళ్ళందరికీ తెలుసు. మట్టి వేయడానికి వరస కట్టారు.

జూన్ 2

వంటింట్లో పిన్నీ అని పిలిచాను. అలవాటు.

జూన్ 20

మదర్‌ను అడిగాను, ఇక్కడే ఉండిపోతానని. ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు నర్సుగా, హెడ్ నర్సు కిందే చేస్తానని.

"మఠం లేని చోట ఒక్కరే ఎలా ఉంటారు సిస్టర్? రేపు మీకు ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూస్తారు?"

చెప్పాలంటే చాలామంది ఉన్నారు. కానీ ఆమె అడుగుతున్నది వాళ్ళ గురించి కాదు.

"సరే మదర్" అన్నాను.

జూలై 11

విమానాశ్రయంలో రాస్తున్నాను. విమానం ఆలస్యం.

హెడ్ నర్సే దింపింది. దారంతా డ్రైవర్‌ను తిడుతూనే వచ్చింది, గుంతలన్నీ అతను తవ్వినట్టు. లోపలికి వెళ్ళే తలుపు దగ్గర నా సూట్‌కేసు పిడి వదల్లేదు.

"మీరూ ముసలివాళ్ళవుతారు కదా సిస్టర్" అంది.

"అయ్యాను కదా."

"ఇంకా. అమ్మలాగా. అమ్మకు మీ మాట మిగిలింది. మీకు మా మాట మిగిలితే? అక్కడ ఎవరికి అర్థమవుతుంది?"

నేను ఆలోచించని మాట. పంతొమ్మిదేళ్ళకు ఇల్లు వదిలాను. నొప్పి, ఊపిరి, నెత్తురు, బిడ్డ, ఇవన్నీ నా నోటికి ముందు ఏ భాషలో వస్తాయో నాకు తెలుసు.

"ఏమో" అన్నాను.

"ఎవరో ఒకరి చేత నాకు ఫోన్ చేయించండి. నేను వింటాను. తిట్టినా వింటాను. మధ్యలో అర్థం చెప్పేవాళ్ళు అక్కర్లేదు మనకు."

సరే అన్నాను. ఇంకొక్క మాట అన్నా లోపలికి నడవలేకపోయేదాన్ని.